పిల్లి పక్కన ఎర్ర చుక్క

కువైట్‌లో ఉన్న తెలుగువాళ్లలో బొమ్మల గ్యాలరీలోకి అందరికంటే ఎక్కువసార్లు అడుగుపెట్టినవాణ్ని నేనే. నాలుగు వందల సార్లకు తక్కువుండదు. ఈ మాట మా కడపవాళ్ల గదుల్లో చాలాసార్లు చెప్పాను. ఎవరూ కాదనలేదు, ఎందుకంటే వాళ్లలో ఎవరూ ఒక్కసారి కూడా పోలేదు. ఇప్పుడు కాగితం మీద పెట్టేటప్పుడు మాత్రం చెయ్యి కొంచెం మొరాయిస్తోంది. నాలుగు వందలు కాదు, నలభై ఉంటాయేమో. అందులోనూ ముప్పై సార్లు లోపల ఏసీ ఉంటుందని వెళ్లినవే.

నేను అర్దియాలో ఒక కువైటీ ఇంటికి డ్రైవర్ని. ఆ ఇంటి పెద్దావిడను మా వంటమ్మాయి మామా అంటుంది, అరబీలో అమ్మా అన్నట్టు. విని విని నాకూ అదే నోటికి వచ్చింది. నిజానికి ఆవిడ నాకంటే నాలుగేళ్లు చిన్న. మామా స్నేహితురాలు ఒకావిడ అల్ రాయ్‌లో, కారు అద్దాలు బిగించే కొట్టుకూ సీటు కవర్లు కుట్టే కొట్టుకూ మధ్య ఉన్న పాత టైర్ల గోదామును అద్దెకు తీసుకుని, సున్నం వేయించి గ్యాలరీ పెట్టింది. ఎండ ముదిరితే ఇప్పటికీ ఆ గోడల్లోంచి టైర్ల వాసన వస్తుంది. దేశదేశాల్లో పేరు మోగినవాళ్ల బొమ్మలు అక్కడ కనిపించవు. కువైట్‌లో ఉంటూ బొమ్మలు వేసుకునేవాళ్లకే ఆ గోడలు. ఎవరు ఇక్కడివాళ్లు, ఎవరు కాదు అని ఒకసారి ఎవరో తగువు తీస్తే, "ఇక్కడి ఎండకు మాడినవాళ్లందరూ ఇక్కడివాళ్లే" అందట ఆవిడ. ఆ లెక్కన నా అంత ఇక్కడివాడు ఇంకొకడు లేడు. నా మెడ చూస్తే తెలుస్తుంది.

మామా వారానికోసారి అక్కడికి పోయి గంటసేపు కూర్చుంటుంది. నేను బయట కారులో ఉండేవాణ్ని. ఒక జూలై నెలలో గ్యాలరీ ఆవిడే వచ్చి కారు అద్దం మీద తట్టింది. "బాబా, లోపలికి రా. ఇక్కడే ఉడికిపోతావు" అంది. ఆవిడ హిందీ నా అరబీ లాంటిది, రెండూ కుంటివే. ఆ రెండింటినీ ఒకదానికొకటి ఆనించి మేం మాట్లాడుకుంటాం. ఇక్కడ నేను రాస్తున్నది వాటి తెలుగు.

అట్లా లోపలికి పోయి, మూలన ఒక స్టూలు మీద చాయ్ గ్లాసుతో స్థిరపడ్డాను. మొదట్లో ఆవిడ ఏదైనా బొమ్మ చూపించి ఎలా ఉందని అడిగితే "గుడ్" అనేవాణ్ని. తర్వాత వచ్చేపోయేవాళ్లను గమనించాను. వాళ్లు బొమ్మ ముందు నిలబడి, రెండడుగులు వెనక్కి వేసి, తల ఒక పక్కకు వాల్చి, "ఊఁ" అంటారు. అంతకు మించి ఆ విద్యలో ఏమీ లేదు. నెల తిరక్కుండా నేనూ రెండడుగులు వెనక్కి వేసి ఊఁ అనడం మొదలుపెట్టాను. చాయ్ ఒలకకుండా వెనక్కి నడవడం ఒక్కటే కష్టం. ఆ తర్వాత మా గదుల్లో నా మాటకు పట్టపగ్గాలు లేవు. ఫ్రాన్సు నుంచి వచ్చినవాళ్లు కూడా నన్ను అడక్కుండా బొమ్మ కొనరని చెప్పాను. ఒక ఫ్రెంచాయన నన్ను అడిగిన మాట అబద్ధం కాదు. బాత్రూం ఎటు అని అడిగాడు.

నన్ను నిజంగా పండితుణ్నని నమ్మినవాడు లోకంలో ఒక్కడే. జగిత్యాల పక్క పల్లె నుంచి వచ్చిన కారు పెయింటరు, గ్యాలరీకి నాలుగు షెడ్ల అవతల డెంటింగ్ గ్యారేజీలో పనిచేసేవాడు. అతనితో పరిచయం ఒక గీతతో మొదలైంది. మామా కారు వెనక తలుపు మీద మూరెడు గీత పడింది. జమియా సూపర్ మార్కెట్ దగ్గర ఎవరో తోపుడుబండి తగిలించి పారిపోయారని మామాకు చెప్పడానికి మాటలు కూర్చుకున్నాను. స్తంభానికి రాసుకున్నది నేనే. చెప్పే అవసరం రాకముందే ఆ పెయింటరు దాన్ని మాయం చేశాడు. మోకాళ్ల మీద కూర్చుని వేలితో తడిమి చూశాను. గీత ఎక్కడ పడిందో నేనే గుర్తు పట్టలేకపోయాను.

"నీ చెయ్యి బంగారమప్పా" అన్నాను.

"నా చెయ్యి ఎక్కడుందన్నా దాన్ల? చెయ్యి కనవడ్డదంటే పని పాడైనట్టే" అన్నాడతను. "ఇరవై ఏడేండ్లాయె ఈడికొచ్చి. రోడ్డు మీద నేను చేసిన బండ్లు ఎన్ని తిరుగుతున్నయో. ఒక్కదాని మీదన్న నేను కనవడ్తనా చూడు. కనవడ." ఈ మాట దిగులుగా అనలేదు. వంటవాడు ఉప్పు సరిపోయిందని చెప్పినట్టు చెప్పాడు.

ఆ తర్వాత నేను ఆ దారిన పోయినప్పుడల్లా అతని దగ్గర ఆగేవాణ్ని. నా గ్యాలరీ కబుర్లు విని విని, ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ నన్ను స్ప్రే గది వెనక్కి తీసుకుపోయాడు. గోడకు ఆనించిన రేకు ఒకటి, దాని మీద పాత పేపర్లు టేపుతో అంటించి ఉన్నాయి. టేపు ఊడదీశాడు.

నుజ్జయిన చిన్న కారు బానెట్లో సగం కోసిన రేకు అది. దాని మీద, కార్లకు వేసి మిగిలిన రంగులతో, తెల్ల కారు బానెట్ పైన నిద్రపోతున్న పసుపు పిల్లి. అల్ రాయ్ సందుల్లో మాకందరికీ తెలిసిన పిల్లే. ఎక్కడో కొట్లాటలో కుడి చెవి సగం పోగొట్టుకున్నది. బొమ్మలో కూడా ఆ చెవి సగమే ఉంది. కింద రేకు వేడి, పైన ఎండ, మధ్యలో ఆ పిల్లి మాత్రం అది తన పరుపే అన్నట్టు పొట్ట వదిలేసి పడుకుంది. రెండడుగులు వెనక్కి వేయడం మరిచిపోయాను. ముందుకే పోయాను. ఊపిరికి పొట్ట కదులుతుందేమోనని కాసేపు చూస్తూ నిలబడ్డాను. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు.

"ఎన్నాళ్లు పట్టిందప్పా?"

"ఎనిమిది నెల్లు. తినే టైమ్‌ల కొంచెం కొంచెం ఏసిన." చేతులు గుడ్డకు తుడుచుకుంటూ నా మొహం వైపే చూస్తున్నాడు. "నీకు గిసొంటియి తెలుసు గదన్నా. నిజం జెప్పు. మంచిగుంటే మంచిగుందను. లేకుంటే ఇప్పుడే మీదికెళ్లి గ్రే ప్రైమర్ కొట్టి మూసేస్త. రేకు రేకే ఉంటది."

"ప్రైమర్ కొడితే నీతో మాట్లాడను" అన్నాను.

ఆ నెలాఖరుకే గ్యాలరీలో ఒక ప్రదర్శన ఉంది. ఇక్కడ ఉండేవాళ్లెవరైనా తలా ఒక బొమ్మ తెచ్చి తగిలించుకోవచ్చు. ఆవిడ చూసి సరేనంటే చాలు. పెయింటరు మూడు రోజులు ఆలోచించాడు. చివరికి, "అన్నా, ఒక్కటే మాట. ఇది పాసయ్యిందనుకో, ఇంకోటి ఏస్త. కాకపోతే గీ పిల్లి మీద ప్రైమర్ కొట్టి మళ్ల బ్రష్ పట్ట. ఈ వయసుల నలుగురు నవ్వుతె నాతోని కాదు" అన్నాడు. మాట అన్నాక వెనక్కి పోయే మనిషి కాడని నాకు తెలుసు. కలిపిన రంగు మళ్లీ డబ్బాలో పోయడు అతను.

రేకును దుప్పట్లో చుట్టి మామా కారు వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకుపోయాను. గ్యాలరీ ఆవిడ ముందు దుప్పటి తీస్తూ నా ఉపన్యాసం అందుకున్నాను. మా దేశంలో ఇతను చాలా పెద్ద కళాకారుడనీ, రాజుల కోటల గోడలకు ఇతని చెయ్యి తగిలిందనీ, మంత్రులు ఇంటికొచ్చి అడుగుతారనీ చెప్పాను. అతను జగిత్యాలలో వేసింది స్కూలు బస్సుల మీద నెంబర్లు, ఒక పెట్రోలు బంకు ప్రహరీ. ఆవిడ నా మాటలు వింటున్నట్టు లేదు. పిల్లి దగ్గర వంగి, వేలు తగలనీయకుండా దాని మీసాల వెంట గాల్లో గీసింది.

"బాబా, కోటలు వద్దు. పిల్లి చాలు" అంది.

గురువారం సాయంత్రం ప్రదర్శన మొదలైంది. జనం అయిదు వందల మంది. లేదు, రెండు వందలు. సరే, నేను, మామా, కాపలాదారు కలిసి నలభై మందిమి. పెయింటరు ఇస్త్రీ చొక్కాతో, తలకు నూనె పెట్టుకుని వచ్చి, తలుపు దగ్గర చెప్పుల స్టాండు పక్కన నిలబడ్డాడు. తన బొమ్మ ఉన్న గోడ వైపు పోనే లేదు. దూరం నుంచి జనం వీపులు చూస్తున్నాడు. ఎవరైనా పిల్లి ముందు ఆగితే మడమలెత్తి చూసేవాడు. నేను మాత్రం చాయ్ గ్లాసుతో గది మధ్యలో నిలబడి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఊఁ పంచుతున్నాను.

జనం పలచబడ్డాక ఎట్టకేలకు అతను పిల్లి దగ్గరికి పోయాడు. పోయినవాడు పోయినట్టే ఆగిపోయాడు. నన్ను కళ్లతో పిలిచాడు.

బొమ్మకు కుడి పక్కన గోడ మీద చిన్న తెల్ల చీటీ ఉంది. అందులో బొమ్మ పేరు, వేసినవాడి పేరు. ఆ చీటీ మూలన గుండీ అంత ఎర్ర చుక్క అంటించి ఉంది.

"చుక్క వెట్టిన్రన్నా" అన్నాడు గొంతు తగ్గించి. "నాది ఫెయిలైంది."

అతని గ్యారేజీ పద్ధతి తెలిస్తే గానీ ఆ మాట బరువు తెలియదు. రంగు వేసిన బండి స్ప్రే గదిలోంచి బయటికి రాగానే ఫోర్‌మన్ ట్యూబులైటు కింద దాని చుట్టూ తిరుగుతాడు. దుమ్ము గింజ ఇరుక్కున్న చోట, రంగు కారిన చోట, పక్క తలుపుతో రంగు కలవని చోట, ఎర్రటి గుండ్రటి స్టిక్కరు ఒకటి అంటిస్తాడు. ఏమీ అనడు. చుక్క పడిందంటే బండి వెనక్కి పోవాలి, అక్కడ గీకి మళ్లీ చెయ్యాలి. ఇరవై ఏడేళ్లుగా ఎర్ర చుక్కంటే ఆ మనిషికి ఒకటే అర్థం. గదంతా చూసి వచ్చాడు. "ఇరవై బొమ్మలల్ల మూడింటికే వెట్టిన్రు. మిగిలినయన్ని పాస్" అన్నాడు.

పది అడుగుల దూరంలో గ్యాలరీ ఆవిడ ఉంది. అదేమిటమ్మా అని అడిగితే అయిపోయేది. కానీ అడిగితే, ఇన్నాళ్లుగా ఇక్కడికి వచ్చిపోతూ చుక్కంటే ఏమిటో తెలియని వాణ్నని అతని ముందే తేలిపోతుంది. చీటీల వైపు నేను ఎన్నడూ చూడలేదు. పండితుడు చీటీలు చదవకూడదని అందరికీ చెప్పేవాణ్ని. నా కళ్లద్దాలు కారులో ఉండేవి.

"చుక్కంటే చుక్కేనప్పా. యాడైనా ఫోర్‌మన్ ఫోర్‌మనే" అన్నాను.

"ఏం తప్పుందో చెప్పే."

రెండడుగులు వెనక్కి వేశాను. తల వాల్చాను. చుక్క కుడిపక్క ఉంది, కాబట్టి తప్పు కూడా కుడిపక్కనే ఉండాలి. కుడిపక్క ఏముందా అని వెతికితే సగం చెవి దొరికింది.

"చెవి" అన్నాను.

"దానికి చెవి గట్లనే ఉంటది గదన్నా. రోజు చూస్తలేవా?"

"పిల్లికి ఉంటే ఉంటాదిలే. బొమ్మకు ఉండకూడదు. కొన్నోడు ఇంట్లో తగిలిస్తే వచ్చినోళ్లు ఏమనుకుంటారు, పెయింటరు చెవి మర్చిపోయినాడనుకోరా?"

అతను చీటీ మీది చుక్కను ఇంకోసారి చూశాడు. "రేపు శుక్రవారం. పొద్దున్నే తీసుకపో నన్ను" అన్నాడు. "చెవి చేస్త. చేసినంక గూడ చుక్క వెట్టిన్రంటే తీస్కపోయి ప్రైమర్ కొట్టేస్త. నన్నాపొద్దు."

తెల్లారి పదింటికి గ్యాలరీ ముందు కారు ఆపాను. మెట్లు కడుగుతున్న కాపలాదారుతో, గ్యాలరీ మేడం పంపించిందని చెప్పాను. మేడం పంపలేదు. అతను నన్ను ఎన్నాళ్ల నుంచో ఎరిగినవాడు కాబట్టి తలుపు తీసి మళ్లీ మెట్లు కడుక్కోడానికి పోయాడు.

పెయింటరు చేతిసంచిలోంచి గుడ్డ, థిన్నర్ సీసా, రుద్దడానికి సన్నటి గరుకు వాటర్ పేపరు, బ్రష్, నాలుగు రంగు డబ్బాలు తీసి నేల మీద పేపరు పరిచి పెట్టుకున్నాడు. ముందు చెవి ఉండాల్సిన చోట వాటర్ పేపరు తడిపి మెల్లగా రుద్దాడు. "మెరుపు సంపకుంటె రంగు పట్టదు" అన్నాడు. తర్వాత మూతలో పసుపు, కొంచెం తెలుపు, సూదిమొనంత ఎరుపు కలిపి, బొమ్మ పక్కన పెట్టి చూసుకుని, ఇంకొంచెం కలిపాడు. ఊపిరి బిగబట్టి చెవి వేశాడు. అరగంట కూడా పట్టలేదు. ఎంత బాగా కుదిరిందంటే, పుట్టిన దగ్గర్నుంచీ ఆ పిల్లికి రెండు చెవులూ ఉన్నాయని ప్రమాణం చేయొచ్చు. నేను గట్టిగా ఊఁ అన్నాను.

పని అయ్యాక ఏం చేస్తారో గ్యారేజీలో అతను అదే చేశాడు. తప్పు సరిదిద్దిన మనిషి చుక్క తీసేయాలి. గోరుతో చీటీ మీది ఎర్ర చుక్కను మెత్తగా లేపి, అలవాటు ప్రకారం చొక్కా చేతి మడత మీద అంటించుకున్నాడు. అప్పుడు నవ్వాడు, నిన్నటి నుంచి మొదటిసారి.

సరిగ్గా ఆ నవ్వు మీదే తలుపు తెరుచుకుంది. గ్యాలరీ ఆవిడ, ఆవిడ వెనకాల ఇంకొకావిడ. ఆ రెండో ఆవిడను నేను చాలాసార్లు చూశాను. బడిలో పంతులమ్మ. సాయంత్రాలు అల్ రాయ్ సందులో కారాపి, డిక్కీ తీసి, పిల్లులకు గిన్నెల్లో తిండి పెట్టి పోతుంటుంది. మొహం నిండా సంతోషంతో నేరుగా బొమ్మ దగ్గరికి వచ్చింది. వచ్చి, చూసి, ఇంకా దగ్గరికి పోయి చూసింది. సంతోషం మెల్లగా దిగిపోయింది.

"ఇది నా పిల్లి కాదు" అంది.

గ్యాలరీ ఆవిడ చీటీ చూసింది. "చుక్క ఏమైంది?"

చేతిలో బ్రష్ ఉన్నవాడు ఒక్కడే కాబట్టి అందరం అతని వైపు చూశాం. అతను నిటారుగా నిలబడి, "గల్తీ థా మేడం. ఠీక్ కర్ దియా" అన్నాడు. తప్పుంది, సరిచేశాను అని, ఫోర్‌మన్‌కు చెప్పినట్టు. వాళ్ల మొహాలు చూశాక అర్థమైంది అతనికి, సరికాలేదని. నా పేరు ఎత్తలేదు. నా వైపు చూడను కూడా చూడలేదు. బ్రష్‌ను సంచిలో పడేసి, రెండు చేతులతో బొమ్మను కొక్కెం మీంచి దించాడు.

"పా అన్నా, పోదాం. నేను జెప్పిన గద" అన్నాడు నాతో తెలుగులో.

ఆ రేకు గ్యారేజీకి చేరితే సాయంత్రానికి బూడిదరంగు తిరిగిపోతుందని ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. నిలబడి ఏకబిగిన నాలుగు నిజాలు చెప్పాను. కువైట్‌కు వచ్చినప్పటి నుంచి ఒక్కరోజులో అన్ని నిజాలు చెప్పింది అప్పుడే. చుక్కంటే నాకు తెలియదనీ, తెలిసినట్టు చెప్పాననీ. చెవి పెట్టమన్నది నేననీ, అతను వద్దన్నాడనీ. మేడం పంపిందని కాపలాదారుకు చెప్పింది అబద్ధమనీ. నోరు ఒకసారి తెరుచుకున్నాక ఆగక, మామా కారు తలుపు గీసింది కూడా నేనేననీ.

"గీత సంగతి ఆవిడకు తెలుసు బాబా. నువ్వు ఎప్పుడు చెబుతావా అని చూస్తోంది" అంది గ్యాలరీ ఆవిడ. అని, స్టూలు లాక్కుని కూర్చుంది. నవ్వుతోందో తల పట్టుకుందో మొదట తెలియలేదు. భుజాలు ఊగేసరికి నవ్వేనని తేలింది. తర్వాత చుక్క సంగతి విడమరిచి చెప్పింది.

"ఏమంటుందన్నా?" అన్నాడు పెయింటరు. బొమ్మ ఇంకా అతని చేతుల్లోనే ఉంది.

"అమ్ముడుపోయిందంటప్పా. చుక్క పెడితే ఎవరో కొనుక్కున్నట్టంట. ఈయమ్మే కొనింది."

"ఎప్పుడు?"

"నిన్ననే."

"నేను ఫెయిలైన అన్నప్పుడా?"

"అంతకు ముందే."

అతను రేకును జాగ్రత్తగా గోడకు ఆనించాడు. "పెద్దమనిషివి, తెలిసినోనివి అని నీ మాటిన్న" అన్నాడు. "రాత్రంత నిద్రలేదు నాకు. చెవి, చెవి, చెవి. నీ చెవి గోసినా పాపం లేదు."

"కోసుకో అప్పా, రెండున్నాయి" అన్నాను.

అతను నవ్వలేదు. పంతులమ్మ వైపు తిరిగి, "పిల్లి వాపస్ ఆయేగా మేడం. పాంచ్ మినిట్" అన్నాడు. పిల్లి తిరిగొస్తుందని. గుడ్డ తీశాడు, థిన్నర్‌తో తడిపి పిండాడు. బొమ్మంతా అయ్యాక మెరుపు కోసం పైన కొట్టిన లాకరు పూత ఎప్పుడో రాయిలా గట్టిపడింది. ఇవాళ్టి చెవి దాని మీద ఇంకా పచ్చిగానే ఉంది. మూడు నాలుగు సార్లు మెత్తగా తుడిచేసరికి చెవి గుడ్డలోకి వచ్చేసింది. కింద పాత సగం చెవి చెక్కుచెదరకుండా ఉంది. పంతులమ్మ ఏదో అరబీలో గొణిగింది, పిల్లితోనే.

అయితే ఒక చిక్కు మిగిలింది. మెరుపు చంపడానికి వాటర్ పేపరుతో రుద్దాడు కదా, ఆ మేర లాకరు మసకబారింది. ఎదురుగా నిలబడితే ఏమీ లేదు. కిటికీ పక్క నుంచి ఏటవాలుగా చూస్తే, సగం చెవి పైన, లేని సగం చెవి ఆకారంలో మసకటి నీడ. అందరికంటే ముందు అది పట్టుకున్నది అతనే. రెండు రోజులు టైమివ్వమన్నాడు. గ్యారేజీకి తీసుకుపోయి లాకరు మళ్లీ కొడతాననీ, పాలిష్ పడితే దేవుడు కూడా గుర్తుపట్టలేడనీ చెప్పాడు. నేను తర్జుమా చేశాను, ఈసారి ఒక్క ముక్క కలపకుండా.

పంతులమ్మ కిటికీ దగ్గరికి పోయి ఏటవాలుగా చూసింది. ఇటు వచ్చి చూసింది, మళ్లీ అటు పోయి చూసింది.

"వద్దు. ఖలాస్, ఇలాగే ఉండనీ" అంది. "పాపం, అది ఒక పూట రెండు చెవులతో బతికింది. అది కూడా ఉండనీ."

"మచ్చ కనవడ్తదమ్మా" అన్నాడతను. ఆవిడకు తెలుగు రాదన్న సంగతి మరిచిపోయాడు.

ఆవిడకు అర్థమైనట్టే ఉంది. తల ఊపింది.

గుడ్డ చేతిలో పట్టుకుని అతను చాలాసేపు అట్లాగే నిలబడ్డాడు. రెండుసార్లు చెయ్యి ముందుకు పోయింది, రెండుసార్లు వెనక్కి తీసుకున్నాడు. ఇరవై ఏడేళ్లుగా మచ్చ కనపడేలా ఒక్క బండిని కూడా వదలని మనిషి. చివరికి గుడ్డ మడిచి సంచిలో పెట్టాడు. బొమ్మ ఎత్తి కొక్కేనికి తగిలించి, వాలు సరిచూసి, చొక్కా చేతి మీది ఎర్ర చుక్కను తీసి చీటీ మూలన తనే అంటించాడు. వేలితో రెండుసార్లు నొక్కాడు, ఊడకుండా.

తిరుగుదారిలో కారులో పక్కన కూర్చుని ఇంటికి వీడియో కాల్ చేశాడు. తెర మీద అతని భార్య, వెనకాల గోడ మీద ఎండబెట్టిన మిరపకాయలు. కిటికీ పక్క నుంచి తీసిన పిల్లి ఫోటో పంపి, ఎవరో కొన్నారని చెప్పాడు.

"పిల్లినా?" అందామె. "పిల్లిని ఎవలు కొంటరు? ఊకెనే అస్తయి గద పిల్లులు."

"బొమ్మనే. నేనేసిన."

ఆమె ఫోను కళ్ల దగ్గరగా పెట్టుకుంది. కారు పెయింటరు భార్య కదా, ఆమె కన్నూ తక్కువది కాదు. "ఆ చెవి పొంటి మసకమసక ఏంది? సరిగ్గ చెయ్యలేదా?"

నేను స్టీరింగ్ మీద చెయ్యి బిగించాను. నా సంగతి బయటపడుతుందేమోనని.

"సరిగ్గనే చేసిన" అన్నాడతను. "అది గట్లనే ఉండాలె."

"ఏమో మరి. పిల్లినెందుకు ఏసినవ్, మన బర్రెను ఎయ్యరాదు? దానికి రెండు చెవులు మంచిగున్నయ్."

అతను ఫోను పెట్టేసి కిటికీలోంచి పక్కన పోయే బండ్లనే చూస్తూ కూర్చున్నాడు. అర్దియా మలుపు దగ్గర నా వైపు తిరిగాడు.

"అన్నా, బర్రెకు ఎంత రేకు గావాలె?"

నిజం చెప్పాలంటే నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. కానీ మినీబస్సు పక్క తలుపు ఒకటి ఎక్కడ పడి ఉందో మాత్రం నాకు తెలుసు. బండి అటు తిప్పాను.